ముప్పై నాలుగు కిలోల నీరు

పెదజాలరిపేటలో వలలు ఆరేసే ఇసుక మీద
చోడిపల్లి నూకరత్నం నాలుగు వేళ్లు చూపించి
ఆ తర్వాత ఆరు చూపించింది.
"నాలుగు వేలకి కొన్నాను, ఆరు వేలకి అమ్మాను.
రెండు వేలు లాభం. రాసుకో పాపా."

సంఘం పుస్తకం నా మోకాళ్ల మీద ఉంది.
నేను రాయలేదు.
రెండు వేలు మిగిలిన మనిషి
సూరిబాబు ఫైనాన్సు బండి చప్పుడు వినగానే
పాక వెనక్కి ఎందుకు తప్పుకుంటుందని.

ఆటో ఎంత?
హార్బర్ నుంచి ఇక్కడికి రెండొందల యాభై.
ఇక్కడి నుంచి పూర్ణా మార్కెట్టుకి రెండొందలు.
"అది ఆటోవోడి డబ్బు కదా, నాదేటి?"
ఉప్పుకి నూట ఎనభై.
గంప మోసిన కుర్రాడికి వంద.
ఆశీలు, రెండు రోజులకి అరవై.
టీలకి మరో అరవై.
"టీ కూడానా! ఒలమ్మా,
రేపు ఊపిరికి కూడా పద్దు రాస్తావేటి?"

కాకులకి అడ్డంగా కప్పిన వల పన్నెండు వందలు.
పన్నెండు మార్లు ఎండబెడితే పీలికలైపోతుందట,
ఈ మారు వాటా కింద వంద.
సూరిబాబుకి వందకి రోజుకో రూపాయి,
నాలుగు వేల మీద ఐదు రోజులు, రెండొందలు.

కాగితం అడుక్కి వచ్చేసరికి
ఎనిమిదొందల యాభై.

ఆమె సముద్రం కేసి చూడలేదు,
అది నాలాంటివాళ్లు చేసే పని.
పట్టా మీద పరిచిన కవళ్లని చూసింది.

"తెచ్చింది యాభై కిలోలు," అంది మెల్లగా,
"ఎత్తేటప్పుడు పదహారు.
అమ్మింది పదిహేను. ఒకటి నుసి."
మిగతా ముప్పై నాలుగు?
గడ్డం పైకెత్తి చూపించింది.
ఎండ పట్టుకుపోయింది.

కిలో ఎనభై పెట్టి నీళ్లు కొని
పైకి పంపించావు అమ్మా, అన్నాను.
ఎండుచేప నీకు పడింది ఎనభైకి కాదు,
రెండొందల యాభైకి.

ఆ సంగతి ఆమె చేతులకి ఎప్పట్నుంచో తెలుసు.
తడిగంపకి ఇద్దరు పట్టాలి,
ఎండుగంప నడుం మీద పెట్టుకుని మాట్లాడుతూ పోవచ్చు.
అంకెకే ఆలస్యంగా తెలిసింది.

ఇంకో గడి ఖాళీగా ఉంది. నూకరత్నం కూలి.
"నాకు నానే కూలేటి?" పకపకా నవ్వింది.
హార్బర్‌లో రొయ్యలు వలిస్తే రోజుకి ఎంత?
"మూడొందలు."
ఐదు రోజులకి పదిహేనొందలు తీసేస్తే
అంకె ముందు ఒక చిన్న గీత పడింది.

"ఆ గీతేటి?"
ఆరొందల యాభై నష్టం.
"ఎవులికి?"
నీకే. కూలి ఎగ్గొట్టిన ఆసామీ నువ్వే,
అడగలేక నిలబడ్డ మనిషీ నువ్వే.

నవ్వు ఆగింది. లేచి
చేపల్ని ఒక్కొక్కటే తిరగేసింది,
రెండో వైపు ఎండాలి కదా.
తప్పు చేశానేమో అనుకుంటూ
గౌరీ థియేటర్ లేని ఆ సందుల్లోంచి
ఆటో ఎక్కకుండా నడిచి ఇంటికి పోయాను.
లెక్క తెలిసినంత మాత్రాన ఉప్పు ధర తగ్గదు.

ఆ వారం వేలంలో కవళ్ల గుట్ట దాటి పోయిందట.
నెత్తళ్లు పాడింది, ఒకటిన్నర ఎండకే గలగలమంటాయి.
పైడమ్మతో కలిసి ఒకే ఆటోలో వేసింది.
సూరిబాబు బాకీ తీర్చి సంఘం అప్పుకి మారింది,
వందకి నెలకి రూపాయి.
టీ మానలేదు.
మధ్యలో మూడు రోజులు ముసురు పట్టి
గంపంతా పురుగు పడింది. ఆ వారం మళ్లీ గీతే.

నిన్న సాయంత్రం పుస్తకం తెరవగానే
ఉప్పంటిన బొటనవేలు
పేజీలో మొట్టమొదటి గడి మీద పెట్టింది.
"ముందు నన్ను రాయి.
తర్వాత ఆటో, ఉప్పు, ఆశీలు.
ఏటైనా మిగిలితే అప్పుడు
లాభం అని రాద్దువుగాని."