ఎనిమిది బిళ్ళలు

ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది.
కాబట్టి కాలికి రెండు బిళ్ళలు,
ఎద్దుకి ఎనిమిది.
మా నాన్న ఈ లెక్క చేతుల మీదే చూపించేవాడు.
కుడిచేతివి అయిదు, ఎడమచేతివి మూడు.
మిగతా రెండు వేళ్ళూ
నేను పుట్టకముందే ప్రెస్సు తీసుకుంది.

మండపేట దాటాక కాలవగట్టు మీద
ధాన్యం మిల్లు గోడకి జారబడ్డ రేకుల షెడ్డు మాది.
లోపల యాభై టన్నుల పవర్ ప్రెస్సు.
పంజాబులో పుట్టి, గూడ్సెక్కి,
సామర్లకోటలో దిగింది.
అక్కణ్ణించి దాన్ని లాక్కొచ్చినవి
నాలుగు జతల ఎడ్లు.
ఆ ఎడ్లకి లాడాలు కొట్టింది మా తాత బాజీసాహెబు,
కొలిమి దగ్గర కూర్చుని, చేత్తో.
తన పని తినేదానికి తనే దారి వేస్తున్నానని
తెలిసే కొట్టాడంటుంది మా నానమ్మ.
కూలి మాత్రం అణా తగ్గించలేదట.

తాత ఎద్దుకి తాడేసి పడగొట్టేవాడు.
నాలుగు కాళ్ళూ కలిపి కట్టి
మేకు దిగేముందు
దాని చెవిలో ఏదో చెప్పేవాడు.
ఏం చెప్పేవాడో ఎవరూ అడగలేదు.

చేలో దిగే ఎద్దుకి లాడం అక్కర్లేదు.
ఈ నల్లరేగడి దాని కాలిని
అమ్మ వేలు పట్టుకున్నట్టు పట్టుకుంటుంది.
కంకర రోడ్డు వచ్చాకే కదా
చెరుకు బళ్ళూ ఇటుక బళ్ళూ బారులు తీరి
ఇనుము కావాలన్నది.
తాత పొద్దుణ్ణించీ కొట్టినన్ని
టీ చల్లారేలోపు రాల్చేది ప్రెస్సు.
ధబ్. ధబ్. ధబ్.
పక్కమిల్లులో పావురాలు
ఒక్కో దెబ్బకీ లేచి, మళ్ళీ వాలి,
కొన్నాళ్ళకి లేవడం మానేశాయి.

ఒకసారి నాన్న జ్వరంలో డై మార్చడం మరిచాడు.
మూడు బస్తాలు, అన్నీ ఎడమ బిళ్ళలే.
కుడివి లేని ఎడమవి ఎవడు కొంటాడు?
ఒక బస్తా ఇప్పటికీ మెట్టు కింద ఉంది,
వానాకాలం షెడ్డులోకి నీళ్ళొస్తే
దానిమీదే నుంచుంటాం.

ఎడ్లు వెళ్ళిపోయాయి.
ఎప్పుడు వెళ్ళాయో తేదీ లేదు,
ఆర్డరు పుస్తకంలో గీతలు పలచబడ్డాయంతే.
ఇప్పుడదే ప్రెస్సు
రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలకి
క్లాంపులు కొడుతోంది.
పెడలు మీద కాలు నాది.
చేతులు లోపల పెట్టకుండా
ఇనప పట్టకారుతో అందించడం నేర్పాడు నాన్న.
మొదటి పాఠం అదే, చివరిదీ అదే.

మొన్న శ్రావణంలో పిఠాపురం నుంచి అప్పలకొండ వచ్చాడు,
పెళ్ళికొడుకుల్ని మోసే తెల్లగుర్రంతో.
తారురోడ్డు మీద డప్పులకి ఆడీ ఆడీ
దాని గిట్టలు పెచ్చులూడాయి.
"ఎవర్నడిగినా మీ షెడ్డే చెప్పారండి."

ఎడ్ల డైతోపాటు కంపెనీ వాడు
గుర్రం డై కూడా ఊరికే పంపాడు.
ఈ లంకల్లో గుర్రాలెక్కడివని
గ్రీజు పూసి గోనెలో చుట్టిపెట్టాడు నాన్న.
విప్పితే కొత్తపెళ్ళికూతురిలా ఉంది,
ముప్ఫయ్యేళ్ళ తరవాత.

గుర్రం గిట్ట చీలదు. కాలికొకటి, మొత్తం నాలుగు.
నాన్న కుడిచేతి మీద లెక్కపెట్టి
బొటనవేలు మిగిలిందని నవ్వాడు.
చూడ్డానికొకటి, వాడకానికి నాలుగు,
అయిదు దెబ్బలు కొట్టాను.

ఏదీ సరిపోలేదు.
మిషను ఏ గుర్రాన్నీ చూడలేదు కదా,
అది కొట్టింది కాగితం మీది గుర్రానికి.
నాన్న తాత సుత్తి వెతికి తెచ్చాడు.
కాల్చి, వంచి, ఆనించి చూసి, మళ్ళీ కాల్చి,
మధ్యాహ్నం అన్నం మరిచిపోయి.
మేకు దిగేముందు గుర్రం బెదిరితే
దాని చెవి దగ్గరికి వంగాడు.
తాత మాటేదో ఇన్నాళ్ళకి బయటపడుతుందని
నేను పెడలు దిగి దగ్గరికెళ్ళాను.
కరెంటు బిల్లు గురించి చెబుతున్నాడు.
గుర్రం శ్రద్ధగా వింటోంది.

అయిదో లాడం మా దగ్గరే ఉండిపోయింది.
గుమ్మానికి కొట్టుకుంటాం, అదృష్టమట,
అమ్మమని ఇద్దరు ముగ్గురడిగారు.
"తొక్కని లాడానికి అదృష్టం ఎక్కణ్ణించొస్తుందమ్మా,
అది ఇంకా ఉత్త ఇనుమే" అన్నాడు నాన్న.

స్విచ్చిబోర్డు పక్కన మేకుకి వేలాడుతోందది,
బిల్లులు ఎగిరిపోకుండా.