ఊపిరి లెక్క

ముహర్రక్‌లో మా బిల్డింగు వెనక సందు
మూడు మలుపులు తిరిగి
ఒక నీలం తలుపు ముందు ఆగిపోతుంది.
దాని వెనక జిన్ను ఉందని
హఫీజా వాళ్ళ ఫ్లాటు కింది బక్కాలా తాత చెప్పాడు,
చిల్లర ఏరుకుంటూ, తల ఎత్తకుండా.
తల ఎత్తకుండా చెప్పేవన్నీ నిజాలేనని
హఫీజా నమ్మకం.

మేం ముగ్గురం.
రాయచోటి హఫీజా, రాజోలు యోనా, నేను.
సామాన్లు: బ్యాటరీ సగం చచ్చిన టార్చి,
అమ్మ పూజ డబ్బాలోంచి ఆరు కర్పూరం బిళ్ళలు,
యోనా మెళ్ళో సిలువ,
హఫీజాకి సగం గుర్తున్న ఆయత్,
మూడు లబన్ సీసాలు.
దయ్యాల వేటలో దాహమేస్తుందన్నాడు యోనా.

ఆగస్టు. రాత్రి తొమ్మిదిన్నర.
తడి దుప్పటిలా గాలి మొహానికి అంటుకుంటోంది.
నాన్నకి నైట్ డ్యూటీ.
నేను యోనా వాళ్ళింట్లో భిన్నాలు చేస్తున్నానని అమ్మ అనుకుంటోంది.

తలుపు తోస్తే తెరుచుకుంది. అదే మొదటి భయం.
తాళం ఉంటే హాయిగా ఇంటికెళ్ళి పడుకునేవాళ్ళం.

లోపల పగడపు రాళ్ళ గోడలు.
నాకితే ఉప్పగా ఉన్నాయి.
నాకింది యోనా, నేను కాదు.
వాకిలి నడుమ బావి,
బావి మీద గిలక, గిలకకి తాడు.
ఆకు కూడా కదలని ఆ ఉక్కలో
తాడు కదిలింది.
రెండుసార్లు, గట్టిగా,
చంటిపిల్లాడు అమ్మ కొంగు గుంజినట్టు.

హఫీజా ఆయత్ మొదటి ముక్క దగ్గరే ఇరుక్కుపోయింది.
అగ్గిపెట్టె తేలేదని
నాకు అప్పుడు గుర్తొచ్చింది.

స్తంభం వెనక దగ్గు.
"గుంజుండ్రి బిడ్డా" అంది చీకటి,
"నా ఒక్కనితోని అయితలేదు."

తెలుగు మాట్లాడే జిన్ను!
అదీ కోరుట్ల తెలుగు, మా నాయనమ్మ తెలుగు!
టార్చి వేశాను.
నెరిసిన గడ్డం, సిమెంటు కొరికిన వేళ్ళు,
జేబు మీద కంపెనీ పేరు పీకేసిన దారాలు.
"దయ్యాన్ని గాదు బిడ్డా, కల్లివెల్లిని.
రాజలింగు అంటరు.
నా పాసుపోర్టు కఫీల్ కాడుంది,
నేను గీడున్న, నాలుగేండ్ల సంది.
దయ్యమైతే బాయిల ఉన్నది.
నాక్కూడా బుగులే."

ముత్యాల కోసం మునిగేవాడట.
తాడు గుంజితే పైవాడు లాగాలట.
పైవాడికి కునుకు పట్టిందట.
"గప్పటి సంది సైగ జేస్తనే ఉన్నడు.
దుకాణం తాత చెప్పిండు,
రోజూ రెండు కుబ్బూసులు తెచ్చెటాయన."
ఆ తాత జిన్ను కథ ఎందుకు చెప్పాడో,
తల ఎందుకు ఎత్తలేదో
నాకు కాస్త కాస్త అర్థమైంది.

నలుగురం తాడు పట్టాం.
గోడలోంచి ఓడని లాగుతున్నట్టుంది.
స్విమ్మింగ్ పూల్లో నలభై దాటని యోనా
ఊపిరి బిగబట్టి, వేళ్ళ మీద లెక్కపెట్టాడు.
యాభై. యాభై ఐదు.
హఫీజా చెప్పు తెగింది.
అరవై ఒకటి దగ్గర
బరువంతా ఒక్కసారి వదిలేసింది,
అందరం వెనక్కి పడ్డాం.

పైకొచ్చింది తాడు కొస, అంతే.
నీళ్ళు కారుతూ, సముద్రం వాసనతో.
టార్చి లోపలికి కొట్టాను.
బావి ఎండిపోయి ఉంది,
అడుగున ఒక పెప్సీ డబ్బా.

అప్పుడు మా చెవుల పక్కనే ఎవరో
చాలా పొడుగ్గా ఊపిరి వదిలారు.
ఎవరూ పరిగెత్తలేదు.
రాజలింగు తాత టోపీ తీశాడు.
యోనా తన లబన్ సీసా
బావి గట్టు మీద పెట్టేశాడు.

డిసెంబరులో క్షమాభిక్ష ఇచ్చారు.
తాత ఫారం నేనే నింపాను.
'ప్రస్తుత చిరునామా' దగ్గర పెన్ను ఆగితే,
"నీలి తలుపు అని రాయి" అన్నాడు.
రాశాను. ఎంబసీ ఆవిడ కొట్టేసింది.

ఇప్పుడు పూల్లో యోనా మునిగితే
నేను గట్టు మీద కూర్చుని రెప్ప వెయ్యను.
నిద్రొచ్చినట్టు కనిపిస్తే
హఫీజా గిల్లుతుంది.