ఎగువ గాలి

జనవరిలో వదిలిన బెలూన్
నా చేతి వేడి చల్లారకముందే
సముద్రం మీదికి పరుగు.
పన్నెండు కిలోమీటర్ల ఎత్తున
పడమటి గాలి దాన్ని
జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయేది.
షియొనొమిసాకి ఆఫీసులో, తెర మీద గీత
పడుకున్నట్టే ఉండేది.

హిసనో బామ్మకి గీతలు అక్కర్లేదు.
జూన్ పొడుగునా
నీలి వలల మీద రాలిన ఉమే పళ్లు ఏరి
ఉప్పులో అణిచి, పైన రాయెత్తి,
చూరు కింద నిలబడి అడిగేది:
"ఇంకా మన నెత్తినే ఉందా అది?"

"టిబెట్‌కి దక్షిణాన్ని వదిలి
ఉత్తరానికి దూకింది బామ్మా.
తోక మాత్రం ఇంకా మన మీదే."

"తడిపేది తోకే కదా."

ముసురు. చెప్పుల్లో బూజు.
రేడియో సైతం తడిసిన గొంతుతో మాట్లాడింది.

జూలైలో ఒక పొద్దున
బెలూన్ తొందరేం లేనట్టు నిలువునా లేచింది.
కాస్త తూర్పుకి జరిగి,
ఇరవై కిలోమీటర్లు దాటాక
ఏదో మరిచిపోయినదానిలా
పడమటికి తిరిగింది.
పగిలిపోయేదాకా
మా పెంకుల మీదుగా వెనక్కే వచ్చింది.

ఆ గీత చూపిద్దామని కాగితంతో పరుగెత్తాను.

పెరట్లో అప్పటికే
వెదురు తట్టల నిండా ఎర్రటి పళ్లు.
మూడు పగళ్లు, మూడు రాత్రులు ఎండాలి.
ఒక్కొక్కటే తిరగేస్తూ,
తలెత్తకుండా అంది:

"పక్కకి జరుగు నాయనా,
నీ నీడ పడుతోంది."