గీత గీసిన గ్లాసు

మా ఇంట్ల స్టీలు గ్లాసుకి
మేకుతో గీత గీసినాను నాను.
పొద్దున్న ఆ గీతవరకూ ఒకపాలి,
మాపటికి ఒకపాలి.
సోంపేట డాక్టరు సెప్పిన లెక్క.
కిడ్నీలు పోనోడికి నీళ్ళే బరువట.

వారానికి రెండుదినాలు డయాలసిస్.
మిగతా దినాలు దొడ్లో నులకమంచం,
కొబ్బరాకు నీడ జరిగినప్పుడల్లా
మంచమూ జరుగుతాది.
ఆ సెట్లన్నీ ఎక్కి దింపులు తీసినోడే ఆయన.

ఆయనే ముందు సూసినాడు.
"ఓలె, సుక్కలపెట్ట మేత ముట్టనేదు."
రెక్కలు జారేసి
కళ్ళమీద తెల్లపొర దించుకోని
గోలెం ఎనకాల నిలబడ్డాది.
మెడకింద మేతసంచి
నొక్కితే తడిసిన గోనె.
నోరు తెరిస్తే పులిసిపోయిన గంజివాసన.

తవిటమ్మ గోడమీంచి అన్నాది:
"ఊపిరుండగానే కోసీయండర్రా,
సచ్చాక కుక్కలపాలు."
నాను కత్తిపీట తీసినాను.
అబద్దమెందుకు,
ఆ పూట కూరకి ఇంట్ల ఏటీ నేదు.

ఆయన మారుమాటాడనేదు.
కుడిసేత్తో పెట్టని ఒళ్ళోకి తీసుకున్నాడు.
ఎడమసెయ్యి బరువెత్తకూడదు,
సూదులకోసమని నరాలు కలిపి కుట్టిన సెయ్యి.
సెవి పెడితే లోపల
దూరంగా పోతన్న మరబోటులాగ గురగురమంటాది.
పెట్ట తల వాల్చి వాల్చి
సరిగ్గా అక్కడే ఆనించినాది.
నాను కత్తిపీట మడిసి
మూలకి తోసీసినాను.

పశువుల కాంపౌండరు ఢిల్లేశ్వర్రావు
ఫోన్లో నవ్వినాడు:
"మూడొందల పెట్టకి
నూటయాభై పెట్రోలు పొయ్యమంటావేటి మామా?"
నవ్వి, మళ్ళీ తనే సెప్పినాడు.
గోరెచ్చని కొబ్బరినూనె నాలుగు సుక్కలు.
బొటనేలితో మెత్తగా పిసకాల,
గట్టిగా కాదు.
తల కిందకి వొంచితే ఒక్క రెప్పపాటే,
లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోద్ది.

రెండు రాత్రులు పిసికినాడు.
బుట్టలో పాత లుంగీ పరిసి
మంచంకోడు పక్కనే పెట్టుకున్నాడు.
నాకు నిద్రలో తెలిసేది,
పిసుకుతూ దానితో ఏదో గొణుగుతున్నాడు.
నాతో అన్ని మాటలాడి ఏడాది.

మూడోనాడు తెల్లారకట్ల
అది వొల్లంతా కుదిపి
పుల్లటి నీళ్ళూ, ఒక ఉండా కక్కినాది.
దీపంకాడ ఇప్పి సూసినాం.
కొబ్బరిపీచు,
సగం కరిగిన నూక,
దాన్నంతా సుట్టుకోని
నల్లదీ తెల్లదీ కలిసిన పొడుగాటి జుట్టు.
దొడ్లో దువ్వుకోని నాను పారేసిందే.
"మందు నానేస్తే రోగం నువ్వు పెట్టినావు"
అని నవ్వినాడు.
దగ్గొచ్చినా ఆగనేదు నవ్వు.

బేస్తవారం ఆటో వొచ్చినాది.
ఎక్కుతూ ఎక్కుతూ అప్పగింతలు:
గంటకొకపాలి నీళ్ళు,
మనవరాలి మందుసీసా సుక్కగొట్టంతో,
ముక్కు పక్కన తడపాలంతే, తాగితే తాగుద్ది.
అక్కడ గొట్టాలు పెట్టుకోని పడుకోనే ఫోను:
"పట్టినావా?"
"పట్టినాను."
"ఎన్ని?"
"పది" అన్నాను.
నాలుగే. మిగతాది నా పైట తాగినాది.

రాత్రి దిగినాడు,
మొహం సుద్దలాగ పాలిపోయి.
నాను మాపటి గ్లాసు తెచ్చి ఇచ్చినాను,
గీతవరకూ.
రెండు గుక్కలు తాగినాడు.
బుట్టలో పెట్ట మెడ సాచి
గ్లాసు మెరుపుకేసి సూసినాది.

వొంచి పట్టినాడు.
అది ముక్కు ముంచి, తల ఎత్తి,
ఆకాశానికేసి మింగినాది.
మళ్ళీ ముంచినాది.
ఎత్తినప్పుడల్లా దాని గొంతుతోపాటు
ఆయన గొంతూ కదిలినాది.
తొమ్మిది లెక్కపెట్టినాను.
గ్లాసు ఖాళీ.

నాకేసి సూసినాడు.
కుండ నా పక్కనే ఉంది.
నాను మళ్ళీ నింపనేదు.
గ్లాసు కడిగి
గూట్లో బోర్లించినాను.