తొడిమలు

అరండల్‌పేట ఎనిమిదో లైనులో
నాగుల్ మీరా జిరాక్సు కొట్టు.
పేజీ టైపుకి ముప్పై, దిద్దితే పది ఎక్కువ.
ఫ్యాను ఇటు తిరిగినప్పుడల్లా
గోడకంటించిన పెళ్లికార్డుల నమూనాలు
లేచి కూర్చుంటాయి.

తెరమీద నా కాయితం తెరిచాడు.
"ఇదెవరు రాశారక్కా?"
నేనే, అన్నాను.
"లక్ష్యం అని పెట్టావు చూడు,
ఎదుగుతున్న సంస్థలో ఎదగాలని.
పొద్దుట్నించి ఇది ఏడోది."
ఒక్క మీట నొక్కాడు.
నా లక్ష్యం పోయింది.
నొప్పేం లేదు, నాది కాదుగా.

నాన్న పేరు తీశాడు.
పెళ్లయిందా అన్న గడి తీశాడు.
పై విషయములన్నియు సత్యమని
ప్రమాణం చేసే చివరి వాక్యమూ తీసేశాడు.
"అబద్ధాలాడేవాడు కూడా ఇదే రాస్తాడక్కా."
అభిరుచుల దగ్గర ఆగాడు.
"క్రికెట్ ఆడతావా?"

నేనెక్కడ ఆడతానయ్యా!
అది మా పేటలో కుర్రాడి కాయితం.
పేరు మార్చి, ఊరు మార్చి,
బ్యాటు తీయడం మర్చిపోయా.
ఉత్తరం అడుగున ఇంకా వాడే నిలబడున్నాడు:
ఇట్లు తమ విధేయుడు, పొదిలి నెహెమ్యా.
వాడికెవరిచ్చారో.
ఎంతమంది చేతులు మారి వచ్చిందో
ఈ వినయం.

అతను తీస్తుంటే చూస్తూ కూర్చున్నా.
నాకీ పని తెలుసు.
కిలోకింతని తొడిమలు తీసినదాన్ని.
ఎడమచేతిలో కాయ, కుడిచేతి గోరు, టిక్.
సాయంత్రానికి వేళ్లు పొయ్యిలో పెట్టినట్టుంటాయి.
మజ్జిగ గిన్నెలో ముంచుకుని నిద్రపోవడం.
తొడిమ లేని కాయకి యార్డులో ధరెక్కువ.

"మరి ఈ రెండేళ్ల ఖాళీ ఏంటి?"
అవే ఆ రెండేళ్లు, అన్నాను.
కోల్డు స్టోరేజీ తగలబడింది.
మూడు రోజులు నల్లపాడు రోడ్డంతా దగ్గింది.
గేటు దగ్గర రిజిస్టరు రాసేదాన్ని,
గేటూ లేదు, రిజిస్టరూ లేదు,
వాకిట్లో టిక్కీలు దింపించుకున్నా.
మీరా కాసేపు ఆలోచించి
'సొంత ఉపాధి' అని కొట్టాడు.
ఎంత శుభ్రమైన మాట!
మంటే లేదు.

అప్పుడు చెప్పా:
తొడిమ తీసిన కాయ అందంగానే ఉంటది తమ్ముడూ,
నిల్వ ఉండదు.
మూతి తెరుచుకుని గింజ రాల్చుకుంటది.
ఏడాది ఆపాలంటే తొడిమతోనే ఆపాలి.
ఒక్కటి ఉంచు నాకు.

ఏం ఉంచమంటావన్నాడు.

రాసుకో:
తేజా కాయని చెవి దగ్గర ఆడించి
గింజ చప్పుడుబట్టి తేమెంతో చెబుతాను.
మిషను పెట్టి చూసుకోండి, ఒక పాయింటు అటూ ఇటూ.
తాలు కలిపిన బస్తాని
కాటా ఎక్కకముందే వాసన పడతాను.
ఎనిమిదేళ్ల రిజిస్టర్లలో కొట్టివేతలు పదకొండు.
పదకొండింటి పక్కనా నా సంతకం ఉంది.

"ఇంగ్లీషులో ఇది బాగోదక్కా."
మసాలా కంపెనీవాళ్లకి బాగుంటది, కొట్టు.

వేళ్లు మీటలమీద కాసేపు తచ్చాడి
టకటకా మొదలెట్టాయి.
మధ్యలో ఆగాడు.
"ఆ చప్పుడుకి మాటేంటి?"
నాకేం తెలుసు. ఎండిన కాయ గలగలమంటది,
మెత్తబడింది నోరెత్తదు.
ఆ గలగలనే
ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు.

రెండు పేజీలు ఒకటయింది.
అడుగున నా పేరు: గేరా సలోమి.
పైన ఉండాల్సిన విధేయురాలు ఎటుపోయిందో
వెతకలేదు.
కవరు అంచు వేలితో తడుపుతూ నవ్వొచ్చింది.
నా వేళ్ల సంగతి నాకు తెలుసు,
విప్పేవాడు తుమ్మకపోడు.

నలభై అయింది. యాభై ఇచ్చా.
చిల్లర లేదన్నాడు.
అయితే ఆ పదికి
నెహెమ్యా కాయితంలో కూడా తాలు ఏరిపెట్టు,
రేపు పంపిస్తా, అన్నాను.
బ్యాటు మాత్రం ఉంచు.
వాడు నిజంగానే ఆడతాడు.