రెండో తాళం

మొగిలి ఘాటు దిగే వాన
బంగారుపాళ్యం చేరకముందే
మా గుడి పైకప్పులో దూరుతుంది.
ఏ పెంకు కింద ఏ బెంచీ తడుస్తుందో
కళ్ళు మూసుకొని చెప్పేదాన్ని.
అట్లా చెప్పి పది నెలలైంది.

తలుపుకి రెండు తాళాలు,
మా వాళ్ళదొకటి, వాళ్ళదొకటి.
కానుకల పెట్టెలో పదకొండు వందలు తక్కువ పడినాయని
లేచిన మాట
సమాధుల దొడ్డి హద్దురాళ్ళ దాకా పోయింది.
అయ్యగారు మోటారు సైకిలెక్కి చిత్తూరు వెళ్ళిపోయినాడు.
ఆదివారం వస్తే
మేము మామిడితోపులో పట్టా పరిచి,
వాళ్ళు పాలకేంద్రం వరండాలో.
గాలి మళ్ళితే
వాళ్ళ ఆమేన్ మా ప్రార్థన మధ్యలో పడేది.
మా మరిది గొంతు గుర్తు పట్టేదాన్ని.
పట్టనట్టు తల ఇంకా కిందికి వంచేదాన్ని.

మొదట కదిలింది దీనమ్మవ్వ.
ఎవరినీ అడగలేదు.
కాయలు కోసే దోటిని కిటికీ ఊచల్లోంచి దూర్చి
బల్ల మీది తెల్లగుడ్డను లాక్కొనింది.
అంతా గబ్బిలాల మచ్చలు.
కుంకుడు పులుసులో నానేసి, బండకేసి బాది,
తన ఇంటి పెంకుల మీద ఆరేసింది.
తోపు నుంచి కనబడింది అది, పాలకేంద్రం నుంచీ కనబడింది.
"రొట్టె విరిచే గుడ్డ కదమ్మా" అనింది,
ఇంగేమీ అనలేదు.

మరుసటి వారం
క్వారీలో రాళ్ళు కొట్టే యోబు
విరిగిన మెట్టుకి కొత్త రాయి తెచ్చి వేసినాడు.
కొలత తప్పి రెండంగుళాలు పొడుగైంది.
ఇప్పటికీ అందరి కాలూ తగులుతుంది దానికి.
సున్నం తెచ్చిన ఎలీషా మామ
గోడ మీద తన పేరు రాయాలన్నాడు,
కుదరదంటే సగం గోడ వదిలి అలిగిపోయినాడు.
ఆ సగాన్ని పల్పు ఫ్యాక్టరీ ఆడపిల్లలు
రాత్రి షిఫ్టు దిగి వచ్చి
టెంకల వాసన చేతులతోనే
చీకట్లో కొట్టేసినారు.
తెల్లారి చూస్తే గోడంతా చారలు చారలు.
ఏ చార ఏ పక్షందో ఎవరికీ తెలియలేదు.

బయట పని అంతటితో అయింది.
లోపలికి పోవాలంటే తాళాలు తీయాల.

అన్నీ చూస్తా ఉండిపోయినాను నేను,
కోశాధికారి పెళ్ళాన్ని.
మా తాళంచెవి మా ఇంట్లోనే,
ఉప్పుజాడీ పైన మేకుకి.
ఆ మేకు కన్నా లోతుగా దిగింది ఇంకొకటి ఉంది నాలో.

ఆ పదకొండు వందలు తీసింది నేను.

చంటోడికి ఫిట్సు వచ్చిన రాత్రి
ఆయన ఊళ్ళో లేడు.
పెట్టె మా ఇంట్లో ఉంది,
బిడ్డ ఒళ్ళో కాలిపోతున్నాడు,
రాయవేలూరు బస్సు నాలుగు గంటలకి.
దేవుని డబ్బే కదా, ఆయనే చూసుకుంటాడనుకున్నాను.
బిడ్డ బతికినాడు.
మా ఆయన్ని దొంగ అన్నారు.
నేను తోపులో పట్టా పరిచినాను,
ప్రతి వారం, కొసలు సరిగ్గా లాగి.

దీనమ్మవ్వ గుడ్డ ఉతికిన నీళ్ళు
నా గడప ముందు నుంచే పారినాయి ఆ రోజు.

కూలి డబ్బు ముడి విప్పి లెక్కబెట్టినాను.
మొదట ఆయనకి చెప్పినాను.
అన్నం ముందు చాలాసేపు కూర్చున్నాడు,
తినలేదు, తిట్టలేదు.
మేకుకున్న తాళంచెవి తనే తీసి నా చేతిలో పెట్టినాడు.

కోడి కూసేలోపల పోవాలనుకున్నాను.
దారిలోనే కూసింది.

తలుపు తీసింది రాహేలు, నా తోడికోడలు.
పది నెలల తరవాత మొగం చూడడం.
నోట్లు చాపినాను.
చెప్పాల్సిన మాట సగంలో గొంతు పూడింది.
ఆమె నోట్లు ఎంచలేదు.
పోనీలే అనలేదు, క్షమించినాననీ అనలేదు.
లోపలికి పోయి ఎంతసేపటికో వచ్చింది,
ఒక చేతిలో తాళంచెవి,
ఇంకో చేతిలో గిన్నెడు శనగనూనె.

"తుప్పు పట్టి ఉంటాది. పా,
వాన ఎత్తుకొనేలోపల చూద్దాం."