కారణం అనే గడి

రాత్రి ఒకటీ నలభై ఏడుకి
మల్కాపురం ఫీడరు నా చేత్తోనే ఆపాను.
వీధి వీధంతా ఒక్క గుటకలో చీకటి మింగింది.

షీలానగర్ రోడ్డులో ఏవో పనులు, అందుకని ఇటు తిప్పారు
పోర్టు గేటు దాటిన ట్రైలర్ని.
దాని మీద పడుకుని ఒకే ఒక్క రెక్క.
పక్షి లేదు.
అరవై ఏడు మీటర్లు, తోక చివర ఎర్ర గుడ్డ.
ముందు నేను, వెదురు గెడతో
ఊపిరి తీసిన తీగల్ని పైకెత్తుతూ.
వెనక అసిరినాయుడు, టార్చిలైటుతో గోడల్ని కొలుస్తూ.
డ్రైవరు మారిముత్తు అరవంలో గొణుగుతున్నాడు
బండితోనో, దేవుడితోనో.

మేడ మీంచి వరహాలమ్మ గొంతు:
"ఏటి బాబూ, ఉక్కకి సచ్చిపోతన్నాం, కరెంటు తీసేసినారు?"
"పదే పది నిమిషాలమ్మా. గాలిమర రెక్క ఎల్తంది."
"ఎక్కడికి?"
"అనంతపురం కొండల మీదికి."
"అక్కడ గాలి అమ్ముతారేటి?"
ఏం చెప్పను.
అమ్ముతారమ్మా, యూనిట్ల లెక్కన.

ఆవిడ దండెం మీది చీరలు నాకు తెలుసు.
పోర్టు బొగ్గుగుట్టల నుంచి లేచిన నుసి
రెండుసార్లు ఉతికినా అంచుల్ని వదలదు.
కరెంటు బిల్లులో ఆ నుసికి గడి లేదు.

మలుపు దగ్గర రెక్క ఆగింది.
టీకొట్టు రేకు, చిరిగిన హోర్డింగు, వేపకొమ్మ,
అన్నిట్నీ బెత్తెడు దూరంలో తప్పిస్తూ
ఇరుకు మెట్ల మీంచి పెళ్ళి బీరువా దింపినట్టు
తిప్పుతున్నారు.
చెయ్యి వేసి చూశాను. చల్లగా, నున్నగా,
అప్పుడే వలలోంచి తీసిన కొమ్ముకోనెం వీపులా ఉంది.
లోపల డొల్ల. తడితే పలికింది.

గాలి మాటకి నిలకడ లేదని నాకూ తెలుసు.
మా ఏఈ గారంటారు,
వానాకాలం రాత్రుళ్ళు వద్దన్నా కుమ్మరిస్తుంది,
చలికాలం సాయంత్రం రమ్మంటే పలకదు,
అప్పుడు మళ్ళీ బొగ్గే కాపు కాయాలని.
నిజమే.
ఐనా వచ్చిన పూట వచ్చినంత,
ఆ మేరకు బొగ్గు మండకుండా మిగులుతుంది కదా.
ఇంతకన్నా పెద్ద లెక్క నాకు రాదు.

హుద్‌హుద్ నాటికి ఉద్యోగంలో చేరి మూడు నెలలు.
స్తంభాలు మెడలు విరిగి రోడ్ల మీద పడుకున్నాయి.
పన్నెండు రోజులు ఇంటి మొహం చూళ్ళేదు.
ఆ అరుపు ఇప్పటికీ
కుక్కర్ ఈల వేస్తే చెవిలో లేస్తుంది.
కూలినవన్నీ పుస్తకంలోకి ఎక్కిస్తూ
కారణం అనే గడిలో, పేజీ తర్వాత పేజీ,
ఒకటే మాట రాశాను.

ఒకటీ యాభై తొమ్మిది.
ఎర్ర గుడ్డ ఓసారి ఊగి
శ్రీహరిపురం వైపు మాయమైంది.
స్విచ్ వేశాను. వీధి దగ్గి, లేచింది.
వరహాలమ్మ ఫ్యాను కిర్రుమనడం కింద దాకా వినిపించింది.

వీధిదీపం కింద లాగ్‌బుక్ తెరిచాను.
అంతరాయం: పన్నెండు నిమిషాలు.
కారణం:
పెన్ను ఆగింది.
"భారీ సరుకు రవాణా అని రాసెయ్ గురూ,"
గెడ సర్దుతూ అసిరినాయుడు.
నేను పాత మాటే రాశాను.
గాలి.